పేపర్లు రాయాలా, పాఠం చెప్పాలా? మన క్లాసు మీదే పరిశోధన చేసినవాళ్లు ఉన్నారా?

మల్లాపూర్ లెక్చరర్

అందరికీ నమస్కారం. సిటీ శివార్లలో ఒక అటానమస్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. ఫస్టియర్‌కి బేసిక్ ఎలక్ట్రికల్ చెప్తాను. ఈసారి అప్రైజల్ ఫారంలో ఏడాదికి రెండు స్కోపస్ పేపర్లు (స్కోపస్ డేటాబేస్‌లో ఉన్న పత్రికల్లో పరిశోధన వ్యాసాలు) తప్పనిసరి చేశారు. పాఠాలు, ల్యాబులు, కోర్సు గుర్తింపు కోసం ఎన్‌బీఏ ఫైళ్లు, అడ్మిషన్ల సీజన్‌లో తల్లిదండ్రులకు ఫోన్లు... ఇవన్నీ పోగా మిగిలిన టైమ్‌లో పవర్ ఎలక్ట్రానిక్స్‌లో కొత్తగా ఏదైనా తేల్చేంత ల్యాబ్ మా దగ్గర లేదు.

అసలు నాకు కుతూహలం వేరే దాని మీద ఉంది. మా పిల్లలు మెష్ అనాలిసిస్ లెక్క (సర్క్యూట్‌లో కరెంట్లు కట్టే లెక్క) టకటకా చేసేస్తారు. అదే సర్క్యూట్‌లో ఒక బల్బు తీసేస్తే రెండోది ఏమవుతుందంటే బిక్కమొహం వేస్తారు. ఎందుకలా? దీని మీద నా క్లాసులోనే పని చేసి పేపర్ రాయొచ్చా? మా హెచ్‌ఓడీ గారిని అడిగితే "అది బీఎడ్ వాళ్ల పనయ్యా" అని నవ్వేశారు.

ట్రిపుల్‌ఈ అక్క

చేయొచ్చు, భేషుగ్గా చేయొచ్చు. పైగా ఇది బీఎడ్ వాళ్లు మొదలుపెట్టింది కూడా కాదు, అమెరికాలో ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ల వాళ్లే మొదలుపెట్టారు. మీరడిగిన ప్రశ్న మీదే యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో లిలియన్ మెక్‌డెర్మట్ బృందం ఏళ్ల తరబడి పనిచేసింది. 1992లో వాళ్లు ప్రచురించిన ప్రశ్న చూడండి. మూడు సర్క్యూట్లు, మూడింటికీ ఒకే రకం ఐడియల్ బ్యాటరీ, బల్బులన్నీ ఒకే రకం. మొదటి దాంట్లో ఒక్క బల్బు. రెండో దాంట్లో రెండు బల్బులు సిరీస్‌లో. మూడో దాంట్లో రెండు ప్యారలల్‌లో. ఏది ఎంత వెలుగుతుందో వరసలో పెట్టాలి, అంతే. లెక్క లేదు, కాలిక్యులేటర్ అక్కర్లేదు. పాఠం అయిపోయాక అడిగినా సరిగ్గా చెప్పినవాళ్లు దాదాపు 15 శాతమే.

నేను ఇదే ప్రశ్న బోర్డు మీద గీసి, ఎవరితోనూ మాట్లాడకుండా నిమిషంన్నర ఆలోచించమంటాను. తర్వాత జవాబు నంబరును వేళ్లతో చూపించాలి. చెయ్యి గాల్లోకి లేపకూడదు, గుండెకు ఆనించి పెట్టుకోవాలి. లేకపోతే టాపర్ వేళ్లు చూసి క్లాసంతా మార్చేస్తుంది. ఆ తర్వాత పక్కవాళ్లతో వాదించుకోమంటాను. ఆ రెండు నిమిషాలు బెంచీల మధ్య తిరుగుతూ వినడమే నాకు అసలు డేటా. ఒకసారి వెనక వరసలో ఒకడు "మొదటి బల్బే కరెంటంతా తాగేస్తే రెండోదానికేం మిగుల్తది రా?" అన్నాడు. పక్కవాడు ఊరుకోలేదు. "అయితే వైరు తిరిగి బ్యాటరీలోకి ఖాళీగా పోతదా? మరి కేసీఎల్ ఎందుకు రాస్తున్నవ్ నోట్స్‌ల?" ఇంతకంటే బాగా నేను కూడా చెప్పలేను. (కేసీఎల్ అంటే ఒక జంక్షన్‌లోకి వచ్చిన కరెంటంతా బయటికి పోవాలన్న కిర్కాఫ్ సూత్రం.) కరెంటు దారిలో ఖర్చయిపోతుందన్నది ప్రపంచమంతా ఉన్న అపోహే. బ్యాటరీ ఎప్పుడూ ఒకే కరెంటు ఇస్తుందన్నది రెండోది. ఈ రెండూ మెష్ లెక్కలో ఎక్కడా బయటపడవు.

పద్ధతి నా సొంతం కాదు. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టాడు, పీర్ ఇన్‌స్ట్రక్షన్ అంటారు. మొదటిసారి వేళ్లు లెక్కపెట్టినప్పుడు సరైన జవాబులు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటేనే వాదించుకోమనాలి. అంతకంటే తక్కువైతే పాఠం మళ్లీ చెప్పాలి, ఎక్కువైతే రెండు ముక్కల్లో వివరించి ముందుకెళ్లిపోవాలి. క్లిక్కర్లు (జవాబు నొక్కే రిమోట్లు) కొనమని మేనేజ్‌మెంట్‌ని అడగక్కర్లేదు. రంగు అట్టలతో చేసినా నేర్చుకోవడంలో తేడా లేదని 2008లో లాస్రీ అనే ఆయన పోల్చి చూపించాడు.

ఘట్‌కేసర్ బస్సు

అక్కా, వినడానికి బాగుంది. మా సెక్షన్‌లో అరవై మందికి పైనే. మొదటి మిడ్ పరీక్షకి రెండున్నర యూనిట్లు అవ్వాలి, మధ్యలో ఫ్రెషర్స్ పార్టీ, హ్యాకథాన్, దసరా, బంద్. వాళ్లు వాదించుకుంటూ కూర్చుంటే సిలబస్ ఎవరు చేస్తారు? హార్వర్డ్ పిల్లలు ముందురోజు చదువుకుని వస్తారు. మావాళ్లు కాలేజీ బస్సులో గంటన్నర కూర్చుని నిద్రమొహాలతో వస్తారు. నేను సీఎస్‌ఈ, సీ ప్రోగ్రామింగ్ చెప్తాను. బోర్డు మీద ప్రోగ్రాం రాయకపోతే "సార్ ఏం చెప్పలే" అంటారు.

ట్రిపుల్‌ఈ అక్క

పీరియడ్ మొత్తం కాదు తమ్ముడూ, పీరియడ్‌కి ఒక్క ప్రశ్న. ఏడెనిమిది నిమిషాలు. ఆ టైమ్ కోసం నేను డెరివేషన్లు బోర్డు మీద రాయడం మానేశాను. ప్రింటవుట్ ఇస్తాను, ఎన్‌పీటీఈఎల్ వీడియో పాఠాల లింకు పెడతాను. ఎలాగూ ఆల్ ఇన్ వన్ గైడ్‌లో ఉన్నదే కదా, దాన్ని నేను మళ్లీ సుద్దముక్కతో రాయడం దేనికి?

లాస్ట్ బెంచ్

స్టూడెంట్‌ని, థర్డ్ ఇయర్. మాట్లాడొచ్చా? మాకు సెకండ్ ఇయర్‌లో ఒక సార్ ఇలాగే చేశారు. ఉన్నమాట చెప్పాలంటే క్లాసులో సగం మందికి నచ్చలేదు. మా సీఆర్ (క్లాస్ లీడర్) వెళ్లి "సార్ పాఠం చెప్పట్లేదు, మాతోనే మాట్లాడిస్తున్నారు" అని చెప్పాడు. ఫీడ్‌బ్యాక్‌లో కూడా అందరం తక్కువే వేశాం. నోట్స్ డిక్టేట్ చేసే మేడమ్‌కి అయిదుకి అయిదు. ఆ నోట్స్‌తో ఎగ్జామ్ పాసయ్యాం. మొన్న ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో మాత్రం గుర్తుకొచ్చింది ఆ సార్ క్లాసులో వాదించుకున్నదే. ఏం తేల్చాలో మీరే తేల్చుకోండి.

డేటా చూపించండి

లాస్ట్ బెంచ్ చెప్పిందాని మీద స్టడీ ఉంది. 2019లో హార్వర్డ్‌లోనే డెలోరియే బృందం చేసింది. ఒకే పాఠం, కొందరికి చక్కటి లెక్చర్, కొందరికి చేసి నేర్చుకునే పద్ధతి. పరీక్షలో రెండోవాళ్లకే ఎక్కువ మార్కులొచ్చాయి. "ఎంత నేర్చుకున్నారనిపిస్తోంది?" అని అడిగితే మాత్రం లెక్చర్ విన్నవాళ్లే ఎక్కువ నేర్చుకున్నాం అన్నారు. బుర్ర కష్టపడుతుంటే అర్థం కావట్లేదనిపిస్తుంది, సాఫీగా వింటుంటే అంతా తెలిసిపోయినట్టుంటుంది.

అందుకే సెమిస్టర్ మొదటివారంలోనే ఇదెందుకు చేస్తున్నామో పిల్లలకు విడమరిచి చెప్పండి. ఫీడ్‌బ్యాక్ మీద ఇంక్రిమెంట్ ఆధారపడే కాలేజీల్లో ఇది మరీ ముఖ్యం. వాళ్లకు చెప్పకుండా చేస్తే ఆ సార్‌కి అయినట్టే అవుతుంది.

ఘట్‌కేసర్ గారికి: అరవై మంది పెద్ద క్లాసు కాదండీ, ఈ పద్ధతులు వందలమంది ఉన్న హాళ్లలో పుట్టాయి. సైన్సు, ఇంజనీరింగ్ కోర్సుల మీద వచ్చిన 225 అధ్యయనాలను ఫ్రీమన్ బృందం 2014లో ఒకచోట చేర్చి చూసింది. ఉత్త లెక్చర్ క్లాసుల్లో ఫెయిలయ్యేవాళ్లు సగటున 33.8 శాతం, పిల్లలతో చేయించే క్లాసుల్లో 21.8 శాతం. మన బ్యాక్‌లాగుల లిస్టు పెట్టుకుని ఆలోచించండి.

ఘట్‌కేసర్ బస్సు

అవన్నీ ఎక్కువగా అమెరికా లెక్కలు కదా.

డేటా చూపించండి

అవును. అందుకే మల్లాపూర్ లెక్చరర్ గారి పేపర్‌కి విలువ. మన క్లాసులో ఏమవుతుందో మనం కొలిస్తేనే తెలుస్తుంది.

పాత ఉస్మానియన్

రిటైరయ్యాను కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను, విసుక్కోకండి.

మంచి పరిశోధకుడైతే మంచి టీచరవుతాడని మా రోజుల్లో ఒక నమ్మకం. ప్రమోషన్లన్నీ దాని మీదే నడిచేవి. 1996లో హాటీ, మార్ష్ అని ఇద్దరు 58 అధ్యయనాలు తిరగేసి రెండింటికీ ఉన్న సంబంధం లెక్కకట్టారు. కోరిలేషన్ 0.06. అంటే లేనట్టే. పరిశోధన చేస్తే పాఠం పాడవుతుందనీ కాదు, బాగుపడుతుందనీ కాదు. రెండూ దేని దారిన అవి పోతున్నాయి. కలపాలంటే ఎవరో ఒకరు పూనుకుని కలపాలి. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో డిపార్ట్‌మెంట్ల బదులు పరిశోధన కేంద్రాలు పెట్టి, బీటెక్ పిల్లల్ని వాటిలోకి తీసుకోవడం అలాంటి ప్రయత్నమే. కంది ఐఐటీలో అర క్రెడిట్ కోర్సులు కూడా పెట్టి, టీచర్ తను పనిచేస్తున్న చిన్న అంశాన్నే పాఠంగా చెప్పే వీలు కల్పించారు. మన అఫిలియేటెడ్ కాలేజీకి అంత స్వేచ్ఛ లేదు, ఒప్పుకుంటాను. సొంత క్లాసు మీద పరిశోధనకి మాత్రం ఎవరి అనుమతీ అంతగా అక్కర్లేదు.

కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులు చూడండి, ఇంజనీరింగ్ కాలేజీలకు బోధన వనరులకు 30 శాతం, పరిశోధనకు 30 శాతం. కాగితం మీద సమానం. కాకపోతే పరిశోధన వాటాలో పేపర్లు లెక్కపెడతారు. బోధన వాటాలో లెక్కపెట్టేది టీచర్లెంతమంది, పీహెచ్‌డీలెంతమంది, ఖర్చెంత అని. పాఠం ఎలా ఉందో చూసేవాళ్లు లేరు. మేనేజ్‌మెంట్ పేపర్లడగక ఏం చేస్తుంది?

ఇంకో మాట, భాష గురించి. ఉస్మానియా 1918లో మొదలైందే ఉర్దూ మాధ్యమంతో. ఇప్పుడు మన క్లాసులో ఇంగ్లిష్ పాఠానికి పిల్లలు నోరు విప్పరు. పక్కవాడితో వాదించుకోమంటే తెలుగులోనో, హిందీలోనో, దక్కనీలోనో దంచేస్తారు. అక్క చెప్పిన పద్ధతిలో నాకు నచ్చింది అదే. జవాబు వేళ్లతోనే కదా చూపించాలి, ఇంగ్లిష్‌తో పనేముంది!

అమీర్‌పేట రిటర్న్

నేను ఈ చర్చకి పనికొస్తానో లేదో. బీటెక్ అయ్యాక ఉద్యోగం దొరికేదాకా మైత్రీవనం దగ్గర ఒక ప్రాజెక్టు సెంటర్‌లో పనిచేశా. పేరొద్దు. ఫైనలియర్ పిల్లలు ఐఈఈఈ బేస్ పేపర్ టైటిల్ పట్టుకొచ్చేవాళ్లు. కోడ్, డాక్యుమెంటేషన్, పీపీటీ, వైవాకి వచ్చే ప్రశ్నలు అన్నీ ప్యాకేజీ. వాళ్ల వెనకే లెక్చరర్లు కూడా వచ్చేవాళ్లు సార్, "పేపర్ వేయించాలి, ఎంతవుతుంది" అని. ఆథర్ పేరుకి ఒక రేటు, ఫస్ట్ ఆథర్‌కి ఇంకో రేటు. పిల్లలు ప్రాజెక్టు కొనడం, సార్లు పేపర్ కొనడం, కౌంటర్ ఒకటే.

కొన్న ప్రాజెక్టు దొరికిపోయేది ఎప్పుడో చెప్తా. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ కూర్చుని "ఈ థ్రెషోల్డ్ సగానికి తగ్గించి నా ముందే రన్ చెయ్, అవుట్‌పుట్ ఎటు మారుతుందో ముందే చెప్పు" అంటే అయిపోయింది. మేమిచ్చే ప్రశ్నల్లో అది ఉండదు. జేఎన్‌టీయూ ఆర్22 సిలబస్‌లో సెకండ్ ఇయర్‌కే రిసెర్చ్ ప్రాజెక్టు పెట్టారు కదా, అక్కడినుంచే గైడ్లు ఇలా అడిగితే మా పాత ఓనర్ షాపు మూసుకోవాల్సిందే.

మల్లాపూర్ లెక్చరర్

అమీర్‌పేట బ్రదర్ చెప్పింది మా స్టాఫ్‌రూమ్‌లో అందరికీ తెలిసిన రహస్యమే. నేను ఆ దారి వద్దనుకునే ఇక్కడ అడిగా.

పని మొదలుపెట్టాలంటే ముందేం కొలవాలి? నాకు రెండు సెక్షన్లున్నాయి. ఒకదాంట్లో కొత్త పద్ధతి, ఒకదాంట్లో పాతది చేసి మిడ్ మార్కులు పోలిస్తే సరిపోతుందా?

డేటా చూపించండి

మిడ్ మార్కులు వద్దండీ. ప్రశ్నపత్రం తయారుచేసేదీ మీరే, దిద్దేదీ మీరే, రివ్యూయర్ మొదటి లైన్‌లోనే పట్టుకుంటాడు. సర్క్యూట్ల మీద తయారుగా ఒక టెస్ట్ ఉంది, పేరు డైరెక్ట్. ఎంగెల్‌హార్ట్, బైక్నర్ 2004లో ప్రచురించారు, 29 ప్రశ్నలు, అన్నీ మల్టిపుల్ చాయిస్. యూనిట్ మొదలయ్యే ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి ఇవ్వండి. జవాబులు క్లాసులో చర్చించకండి, పేపర్ వెనక్కి తీసుకోండి. లేదంటే రాత్రికల్లా వాట్సాప్ గ్రూప్‌లో ఉంటుంది.

లెక్క రిచర్డ్ హేక్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ పద్ధతిలో వేయండి. పెరగడానికి ఎంత చోటుందో అందులో ఎంత పెరిగారు అన్నదే లెక్క. క్లాసు సగటు ముందు 40, తర్వాత 70 అయితే, పెరిగింది 30, పెరగడానికి ఉన్న చోటు 60, గెయిన్ 0.5. మెకానిక్స్ క్లాసుల్లో ఆరువేల మందికి పైగా విద్యార్థుల మీద ఆయన 1998లో వేసిన లెక్కలో మామూలు క్లాసుల సగటు 0.23, చేయించే క్లాసులది 0.48. మీకు 0.3 వచ్చినా దాచకుండా రాయండి.

రెండు సెక్షన్లు మొదటినుంచీ సమానమేనా అన్నది ప్రీ టెస్ట్‌లో చూసుకోవాలి. డిప్లొమా చేసి నేరుగా సెకండ్ ఇయర్‌లో చేరే ల్యాటరల్ వాళ్లు ఫస్టియర్‌లో ఉండరు కాబట్టి ఆ తలనొప్పి మీకు లేదు. పిల్లలతో సమ్మతి సంతకం తీసుకోండి. ఈ టెస్ట్‌ని ఇంటర్నల్స్‌లో కలపకండి. కలిపారంటే అది పరిశోధన కాదు, పరీక్ష.

ట్రిపుల్‌ఈ అక్క

పేపర్ ఎక్కడికి పంపాలంటే, ఇంజనీరింగ్ బోధన మీద పనిచేసే ఐయూసీఈఈ అనే సంస్థ వాళ్ల ఐసీటీఐఈఈ సదస్సు ఉంది, జేఈఈటీ అని ఇంజనీరింగ్ బోధన మీదే వచ్చే పత్రిక ఉంది. మన కాలేజీల వాళ్లు రాసినవి అందులో బోలెడు. ముందు పాత సంచికలు చదవండి. "మా పిల్లలకు నచ్చింది" అని ఒక బార్ చార్ట్ పెట్టి వదిలేసినవి కూడా కనిపిస్తాయి, అలాంటిది మాత్రం రాయకండి. యూజీసీ కేర్ లిస్టులో (యూజీసీ ఆమోదించిన పత్రికల జాబితాలో) ఉందా అని మీ హెచ్‌ఓడీ అడిగితే, ఆ లిస్టునే 2025 ఫిబ్రవరిలో ఎత్తేశారని చెప్పండి. ఏ పత్రిక మంచిదో ఇప్పుడు కాలేజీయే చూసుకోవాలి.

ఈ డేటా ఎన్‌బీఏ ఫైల్‌లో కూడా వాడుకోండి. 2014లో మనం, ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ అకార్డ్‌లో చేరినప్పటినుంచి సీఓ పీఓ మ్యాపింగ్ (కోర్సు లక్ష్యాలు డిగ్రీ లక్ష్యాలకు ఎంత తోడ్పడుతున్నాయో) అని 1, 2, 3 అంకెలు నింపుతూనే ఉన్నాం. సెమిస్టర్ చివర్లో రాత్రి కూర్చుని నింపే అంకెలకీ, నిజంగా కొలిచిన అంకెలకీ తేడా విజిట్‌కి వచ్చినవాళ్లకు ఇట్టే తెలుస్తుంది.

మల్లాపూర్ లెక్చరర్

థాంక్యూ అక్కా, థాంక్యూ డేటా గారూ. వచ్చే సెమిస్టర్‌లో డీసీ సర్క్యూట్స్ యూనిట్‌తో మొదలుపెడతాను. రెండో సెక్షన్‌కి నష్టం కదా అని ఒక గుంజాటన.

పాత ఉస్మానియన్

పోస్ట్ టెస్ట్ అయిపోయాక ఆ సెక్షన్‌కి కూడా అవే ప్రశ్నలతో రెండు క్లాసులు తీసుకో నాయనా. పేపర్‌లో ఆ సంగతి కూడా రాయి.

ఘట్‌కేసర్ బస్సు

సరే, వేళ్ల సంగతి ఒక క్లాసులో చూస్తా. అక్కా, సీ లాంగ్వేజ్‌కి అలాంటి ప్రశ్న ఒకటి చెప్పండి, పాయింటర్ల మీద.

ట్రిపుల్‌ఈ అక్క

మా పక్క డిపార్ట్‌మెంట్ మేడమ్ అడిగేది ఇది. మెయిన్‌లో పది ఇంటీజర్ల ఎర్రే ఉంది. దాన్ని ఒక ఫంక్షన్‌కి పంపి, ఆ ఫంక్షన్ లోపల సైజాఫ్‌తో దాని సైజు ప్రింట్ చేశాం. 64 బిట్ మెషిన్, ఇంటీజర్‌కి 4 బైట్లు. ఎంత వస్తుంది? ఒక వేలు 40, రెండు వేళ్లు 10, మూడు వేళ్లు 8, నాలుగు వేళ్లు 4. ఎక్కువమంది ఒక వేలే చూపిస్తారట. జవాబు ఇక్కడ రాయను, లాస్ట్ బెంచ్ చదువుతున్నాడు.