మాల వేస్తే మానేస్తున్నాడు, ఇక మీటింగులెందుకు?

కావలి_కుర్రాడు:
మా అన్నయ్య ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటాడు. ఆ నలభై ఒక్క రోజులూ చుక్క ముట్టడు. చన్నీళ్ళ స్నానం, నేల పడక, ఒంటిపూట భోజనం, అన్నీ నిష్ఠగా చేస్తాడు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన రాత్రికే క్వార్టర్ సీసా తెరుస్తాడు. తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చుని మాట్లాడుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుకి పంపుదామని వదిన పట్టుబడుతోంది. అమ్మేమో "అన్నాళ్ళు ఉండగలిగినవాడికి రోగమేంటిరా? నలుగురిలో కూర్చుని తాగుబోతునని చెప్పుకోవాలా?" అంటోంది. నాకూ అమ్మ మాటే సబబనిపిస్తోంది. మీరేమంటారు?

శేషు_బాబాయ్:
అమ్మ చెప్పిందే కరెక్ట్. మాల వేసి తాగుడుకి శాశ్వతంగా దణ్ణం పెట్టినవాళ్ళు మా ఊళ్ళోనే నలుగురున్నారు. మనసు గట్టిదైతే చాలు. ఆ మీటింగులు 1935లో అమెరికాలో పుట్టాయి, మన ఇళ్ళకి అతకవు.

సగం_గ్లాసు:
బాబాయ్ గారూ, నేను తాగి పదకొండేళ్ళయింది. అంతకుముందు నాలుగుసార్లు మాల వేశాను కాబట్టే మాట్లాడుతున్నా. దీక్షలో ఉంటే టీకొట్టువాడి దగ్గర్నుంచి నా కొడుకు దాకా అందరూ 'స్వామీ' అనేవాళ్ళు. పొద్దున పూజ, సాయంత్రం భజన, పక్కన పదిమంది స్వాములు. తాగుదామన్నా సందేదీ? మాల తీయగానే ఆ పదిమందీ ఎవరిళ్ళకి వాళ్ళు పోయేవాళ్ళు. సాయంత్రం ఆరున్నరకి నేనూ, వీధి చివర బెల్టు షాపూ మిగిలేవాళ్ళం. నన్ను ఆపింది నా మనోబలం కాదండీ, ఆ పదిమంది. మీటింగులో నాకు మళ్ళీ వాళ్ళే దొరికారు, నలభై రెండో రోజు కూడా.

మొదటిసారి వెళ్ళింది ఒక స్కూలు గదికి. చిన్నపిల్లల బెంచీలు, మోకాళ్ళు పట్టవు. బోర్డు మీద ఏడో ఎక్కం అలాగే ఉంది. చేతులు వణికి ఒలకబోస్తానని టీ వద్దన్నాను. ఒక పెద్దాయన ఏమీ అనకుండా సగం గ్లాసే పోసి నా చేతిలో పెట్టాడు. ఆ రోజు పేరు తప్ప ఏమీ చెప్పలేదు, ఇంటిపేరు ఎవరూ అడగలేదు. ఫీజు లేదు. చివర్లో సంచీ తిప్పారు, జేబులో ఉన్న పది వేశాను.

హేతువాది_గుంటూరు:
అంతా బాగానే ఉంది గానీ, ఆ మీటింగుల్లో పాటించమనే పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన లేదంటారా? చాలాచోట్ల మీటింగు చర్చి గదిలోనే పెడతారు. మతం మారుస్తారని మా ఇంట్లో భయపడి వెళ్ళనివ్వలేదు.

సగం_గ్లాసు:
ప్రస్తావన ఉంది. 'మేము అర్థం చేసుకున్న విధంగా దేవుడు' అని రాసుకున్నారు. మా గ్రూపులో ఒకాయనకి దేవుడంటే ఆ గదిలోని జనమే. గదికి మేం అద్దె కడతాం, అంతకుమించి చర్చితో సంబంధం లేదు. చేరడానికి తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత.

వార్డు_సిస్టర్:
మీరంతా ఒకటి మర్చిపోతున్నారు. రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం. రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత లేనివి కనబడి మనిషి మనిషిలా ఉండడు. మాల వేసిన మూడో రోజున అలా వచ్చిన స్వామిని మా వార్డులో చూశాను. 2020 లాక్‌డౌన్‌లో వైన్ షాపులు మూతపడ్డప్పుడు ఎర్రగడ్డ ఆసుపత్రికి ఎంతమంది పరిగెత్తారో గుర్తుందిగా. మాలైనా మీటింగైనా ముందు డాక్టరుకి చూపించండి. అన్నంలో తెలియకుండా తాగుడు మాన్పించే మాత్ర కలిపే ఆలోచన మాత్రం వద్దమ్మా, ఆ డైసల్ఫిరామ్ మాత్ర మీద తాగితే ప్రాణం మీదకొస్తుంది. ఎక్కడికెళ్ళాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి, టోల్ ఫ్రీ.

హేతువాది_గుంటూరు:
మీటింగులతో మానతారనడానికి రుజువేమైనా ఉందా, లేక అనుభవాలేనా?

వార్డు_సిస్టర్:
ఉంది. వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2020లో 27 అధ్యయనాలు కలిపి చూసింది. పూర్తిగా మానేసి ఉండే విషయంలో, ఓ పద్ధతి ప్రకారం జనాన్ని ఈ గ్రూపుల వైపు నడిపించే చికిత్స మిగతా చికిత్సలకంటే మెరుగ్గా పనిచేసింది. అందరికీ పనిచేస్తుందని కాదు.

శేషు_బాబాయ్:
కావలి అంటున్నావు, దూబగుంట మీ పక్కనే కదయ్యా! 1992లో అక్కడి ఆడవాళ్ళు సారా వేలం పాటలు ఆపించలేదూ? షాపులు మూయిస్తే ఈ గొడవే ఉండదు.

తెనాలి_అక్క:
1995లో మద్యనిషేధం పెట్టారు, 1997లో ఎత్తేశారు. మా ఆయన ఆ రెండేళ్ళూ ఎక్కడో ఒకచోట తెచ్చుకుని తాగుతూనే ఉన్నాడు బాబాయ్ గారూ. కావలి తమ్ముడూ, మీ అన్నయ్య రానంటే పోనీ. ఇంట్లోవాళ్ళకి అల్-అనాన్ అని వేరే మీటింగులుంటాయి, ముందు మీ వదినని వెళ్ళమను. నేను ఏడు నెలలు ఒక్కదాన్నే వెళ్ళాను. సీసాలు వెతకడం మానేశాను, ఆఫీసుకి ఫోన్ చేసి జ్వరమని అబద్ధాలు చెప్పడం మానేశాను. ఎనిమిదో నెలలో "ఎక్కడికెళ్తున్నావ్ ప్రతి ఆదివారం?" అని ఆయనే అడిగాడు.

శేషు_బాబాయ్:
సరే, పంపితే పంపండి. మాల మాత్రం మాన్పించకండి.

సగం_గ్లాసు:
ఎందుకు మాన్పిస్తాం? నేను ఇప్పటికీ వేస్తాను.

కావలి_కుర్రాడు:
ఇదంతా వదినకి చదివి వినిపించాను. డాక్టరు దగ్గరికి వచ్చే వారం వెళ్తాం. బయటివాళ్ళు కూడా కూర్చోగలిగే ఓపెన్ మీటింగులు ఉంటాయట, మొదటిసారి తోడు వస్తానని అన్నయ్యకి చెప్పాను. ఊ అనలేదు, ఊహూ అనలేదు. కాకపోతే ఆరడుగుల మనిషి, ఆ బెంచీల్లో ఎలా పడతాడో చూడాలి.