మోటారు ఆగిన క్షణంలోనే నానో బోర్డు రీసెట్ అవుతోంది: లోపం ఎక్కడ వెతకాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేడ మీది నీళ్ల ట్యాంకు నిండగానే మోటారు ఆగిపోయి, నీళ్లు అడుగంటగానే మళ్లీ నడిచేలా ఆర్డుయినో నానోతో (ప్రోగ్రాము రాసి నడిపే చిన్న బోర్డు) ఒక కంట్రోలర్ తయారుచేసుకున్నాను. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి రెక్టిఫయర్, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, 7805 రెగ్యులేటర్‌తో 5 వోల్టుల సప్లై కట్టాను. నానో, ఎల్‌సీడీ, రిలే మాడ్యూలు (లోపలి కాయిల్‌కు కరెంటు ఇస్తే కాంటాక్టులు కలిసే స్విచ్) మూడూ దాని మీదే నడుస్తున్నాయి. రిలే కాంటాక్టుల ద్వారా 1 హెచ్‌పీ మోటారుకు నేరుగా కరెంటు ఇస్తున్నాను. ట్యాంకులో రెండు ఫ్లోట్ స్విచ్‌లు ఉన్నాయి. అక్కడి నుంచి కింది బోర్డు దాకా సుమారు 15 మీటర్ల వైరు వస్తుంది, ఇన్‌పుట్లకు పిన్నును 5 వోల్టుల వైపు పట్టి ఉంచే నానో లోపలి రెసిస్టరును, అంటే పుల్-అప్‌నే వాడాను.

మోటారు బదులు 60 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టి వారం రోజులు పరీక్షించినప్పుడు ఒక్కసారి కూడా తప్పు జరగలేదు. మోటారు తగిలించినప్పటి నుంచి, ముఖ్యంగా అది ఆగే క్షణంలో, బోర్డు రీసెట్ అవుతోంది, లేదా తెర మీద అర్థంలేని గుర్తులు వస్తున్నాయి. రిలే కాయిల్‌కు మాడ్యూలు మీద డయోడ్ ఉన్నా, నేను మరొక 1ఎన్4007 కూడా వేసి చూశాను; ఫలితం లేదు. 7805 చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. తప్పు ప్రోగ్రాములో ఉందా, సప్లైలో ఉందా?

మొదటి సమాధానం:
బల్బుతో వారం రోజులు సవ్యంగా నడిచిందన్న మీ ఒక్క మాటతోనే ప్రోగ్రామునూ రిలే కాయిల్‌నూ చాలావరకు పక్కన పెట్టవచ్చు, ఎందుకంటే కాంటాక్టుల అవతల బల్బు ఉన్నా మోటారు ఉన్నా కాయిల్ చేసే పని ఒకటే. తేడా అంతా కాంటాక్టుల దగ్గర ఉంది. నడుస్తున్న మోటారు చుట్టలో నిలిచి ఉన్న శక్తి, కాంటాక్టులు విడిపోయినప్పుడు వాటి మధ్య నిప్పురవ్వగా వెలువడుతుంది. ఆ రవ్వ నుంచి పుట్టే అతివేగపు అలజడి దగ్గరున్న వైర్లన్నిటిలోకీ చొరబడుతుంది. మైక్రోసెకన్లలో వచ్చి పోయే ఈ అలజడిని మల్టీమీటరు చూపించలేదు కాబట్టి, సప్లై 5 వోల్టులే ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు.

దయచేసి కొత్త భాగాలేవీ ఇప్పుడే వేయకండి. అలజడి ఏ దారిన వస్తోందో తెలియకుండా కెపాసిటర్లు జోడిస్తూ పోతే, రేపు లోపం పోయినా ఎందుకు పోయిందో మీకు తెలియదు. ముందుగా మెయిన్ ఆపి, మోటారు వైర్లను రిలే నుంచి విడదీసి, గోడ మీది స్విచ్‌తోనే మోటారును ఆన్ ఆఫ్ చేయండి. అప్పుడు కూడా బోర్డు రీసెట్ అయితే రిలే మాడ్యూలుకు దీనితో సంబంధం లేదని తేలుతుంది. తరువాత 7805 సప్లైని పూర్తిగా విప్పి, నానోకు పవర్ బ్యాంకుతో కరెంటు ఇచ్చి అదే పరీక్ష చేయండి. తక్కువ కరెంటు చూసి కొన్ని పవర్ బ్యాంకులు తమంతట తామే ఆగిపోతాయి. ఎల్‌సీడీ వెనుక దీపం వెలుగుతూ ఉంచండి, లేకపోతే ఆ ఆగిపోవడాన్నే రీసెట్ అని పొరబడతాం. చివరగా ఫ్లోట్ స్విచ్‌ల వైర్లను బోర్డు దగ్గరే ఊడదీసి చూడండి. ఏది తీసినప్పుడు రీసెట్ ఆగిందో అదే దారి.

ప్రశ్న అడిగినవారు:
మీరు చెప్పిన వరుసలోనే చేశానండీ. గోడ స్విచ్‌తో ఆపినా రీసెట్ అయింది, పవర్ బ్యాంకు మీద కూడా అయింది. ఫ్లోట్ వైర్లు ఊడదీశాక మోటారును 40 సార్లు ఆన్ ఆఫ్ చేసినా బోర్డు రీసెట్ కాలేదు. ఆ వైర్లూ మోటారు వైర్లూ దాదాపు 6 మీటర్ల దూరం ఒకే పీవీసీ పైపులో పక్కపక్కనే వెళ్తున్నాయని ఇప్పుడు గమనించాను.

మొదటి సమాధానం ఇచ్చినవారు:
దారి దొరికింది. నానోలోని లోపలి పుల్-అప్ 20 నుంచి 50 కిలో ఓముల దాకా ఉంటుంది; అంత బలహీనమైన పట్టుతో 15 మీటర్ల వైరు ఏరియల్‌లా పనిచేస్తుంది. ప్రతి ఇన్‌పుట్‌కూ వైరు వైపున 5 వోల్టులకు 2.2 కిలో ఓముల రెసిస్టరు, అక్కడి నుంచి పిన్నుకు వరుసగా (సిరీస్‌లో) 1 కిలో ఓము, పిన్ను దగ్గర గ్రౌండుకు 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ పెట్టండి. నీటి మట్టం నెమ్మదిగా మారేదే కాబట్టి, ప్రోగ్రాములో రెండు సెకన్లపాటు ఒకే విలువ కనబడితేనే నమ్మేలా రాసుకోవచ్చు. వీటన్నిటికంటే ముఖ్యంగా ఫ్లోట్ వైర్లను వేరే పైపులోకి మార్చండి, ప్రతి జతనూ మెలిపెట్టిన వైరుగా తీసుకోండి.

మరొకరి సమాధానం:
పై సలహాతో బోర్డు నిలబడుతుంది, కానీ రవ్వ అలాగే ఉంటుంది. రిలే మీద రాసిన 10 ఆంపియర్లు హీటరు వంటి లోడుకు చెప్పినవి. మోటారు కదిలే క్షణంలో, నడిచేటప్పటి కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది కాబట్టి, చిన్న రిలే కాంటాక్టులు ఒకరోజు అతుక్కుపోతాయి. అప్పుడు బోర్డు ఆపమన్నా మోటారు ఆగదు, ట్యాంకు పొర్లిపోతూనే ఉంటుంది. కనుక మోటారును ఒక కాంటాక్టరుకు (మోటార్ల వంటి పెద్ద లోడ్ల కోసం చేసిన పెద్ద రిలే) అప్పగించి, మీ రిలేతో ఆ కాంటాక్టరు కాయిల్‌ను మాత్రమే నడపండి.

ఆ కాయిల్ రెండు కొసల మధ్య 100 ఓముల రెసిస్టరు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు వరుసగా కలిపి పెట్టండి. కెపాసిటరు మీద ఎక్స్2 గుర్తు (మెయిన్ మీద నేరుగా వాడదగినదని అర్థం), 275 వోల్టుల ఏసీ అని తప్పనిసరిగా ఉండాలి; మామూలు కెపాసిటరు మెయిన్ మీద పేలిపోయే ప్రమాదం ఉంది. చాలామంది ఈ జతను రిలే కాంటాక్టుల మీద పెడతారు. అలా పెడితే 230 వోల్టుల వద్ద సుమారు 7 మిల్లీఆంపియర్లు ఎప్పుడూ పారుతూనే ఉంటాయి, రిలే ఆగిందనుకుని అవతలి వైరు ముట్టుకున్నవారికి షాక్ తగులుతుంది.

7805 వేడి వేరే సంగతి. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ నుంచి రెక్టిఫయర్ తరువాత 15 వోల్టులకు పైగా వస్తుంది. రిలే పట్టినప్పుడు మొత్తం 150 మిల్లీఆంపియర్లు అనుకున్నా, పది వోల్టులకు పైగా తగ్గించే క్రమంలో ఒకటిన్నర వాట్లు వేడిగా పోతాయి. హీట్ సింక్ లేని 7805 ఒక్కో వాటుకు సుమారు 65 డిగ్రీలు వేడెక్కుతుంది, వేసవిలో పెట్టె లోపలి వేడి దానికి అదనం. 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌కు మారి, చిన్న హీట్ సింక్ కూడా బిగించండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పైపు మార్చి, రెసిస్టర్లు వేశాక మూడు రోజులుగా రీసెట్ లేదు. కాంటాక్టరు ఈ వారం బిగిస్తాను. ఒకటే సందేహం మిగిలింది: కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ రిలే ఒక్క క్షణం టక్కుమని పట్టి వదులుతోంది.

మరొకరి సమాధానం:
మీ రిలే మాడ్యూలు పిన్ను ‘లో’ (0 వోల్టులు) అయినప్పుడు పట్టే రకం అయి ఉంటుంది. పిన్నును ముందుగా అవుట్‌పుట్‌గా ప్రకటిస్తే అది ‘లో’ గానే మొదలవుతుంది, ఆ క్షణమే రిలే పడుతుంది. సెటప్ భాగంలో ముందు ఆ పిన్నుకు ‘హై’ (5 వోల్టులు) రాసి, ఆ తరువాతి వరుసలో అవుట్‌పుట్‌గా ప్రకటించండి. రిలే ఇన్‌పుట్ నుంచి 5 వోల్టులకు 10 కిలో ఓముల రెసిస్టరు కూడా పెడితే, ప్రోగ్రాము మొదలయ్యేలోపు పిన్ను ఎటూ ఊగిసలాడదు.