పాత కంప్యూటర్లన్నిటినీ కలిపి యానిమేషన్ రెండర్ చేయవచ్చా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
అందరికీ నమస్కారం. నౌపడ నుంచి మా ఊరికి 1900లో మొదలైన చిన్న రైలును, తాతగారు చెప్పిన గురుతులను బట్టి, బ్లెండర్ అనే ఉచిత త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో మూడు నిమిషాల యానిమేషన్‌గా తీస్తున్నాను. సెకనుకు 24 చొప్పున 4,320 ఫ్రేములు (విడి బొమ్మలు) కావాలి. నా కంప్యూటర్ ఒక్కో ఫ్రేమును రెండర్ చేయడానికి, అంటే తుది బొమ్మగా తయారు చేయడానికి, నాలుగు నిమిషాలు తీసుకుంటోంది కనుక, రాత్రింబగళ్లు ఆపకుండా నడిపినా పన్నెండు రోజులు పడుతుంది. బాబాయిగారి శిక్షణ కేంద్రం మూతపడ్డాక ఐదు పాత కంప్యూటర్లు మా ఇంట్లో ఉన్నాయి. వాటిలో ఒక్క ఫ్రేముకు పన్నెండు నిమిషాలు పడుతుంది. వాటిని కలిపితే ప్రయోజనం ఉంటుందా? పెన్‌డ్రైవులో ఫైలు పట్టుకెళ్లి ఒకదానిలో చూస్తే, ఇంజను పొగ అసలు కనిపించనే లేదు, పెట్టెలన్నీ ముదురు గులాబీ రంగులో వచ్చాయి.

జవాబు 1 (బరంపురం నుంచి):
తప్పకుండా ఉంటుంది. మీ యంత్రం గంటకు 15 ఫ్రేములు, పాతవి తలా ఐదు చొప్పున 25, మొత్తం 40 ఇస్తాయి. అంటే 108 గంటలు, నాలుగున్నర రోజులు. ఏ ఒక్క ఫ్రేమూ త్వరగా రాదు, వేర్వేరు ఫ్రేములు ఒకేసారి తయారవుతాయి, అంతే.

అయితే పొగ సంగతి వేరు. ప్రతి ఫ్రేములోని పొగ దాని ముందు ఫ్రేములోని పొగ నుంచే పుడుతుంది కాబట్టి, 2,000వ ఫ్రేము చేతికందిన యంత్రానికి అంతకు ముందు కథ తెలియదు. అందుకని పొగను మీ యంత్రంలోనే మొదటి నుంచి చివరి దాకా బేక్ చేసి (ముందే లెక్కగట్టి భద్రపరచి), ఆ ఫలితాలుండే క్యాష్ ఫోల్డరును అన్ని కంప్యూటర్లకూ కనిపించే షేర్డ్ ఫోల్డరులో ఉంచండి. గులాబీ రంగు కనిపించిందంటే టెక్స్చర్ (వస్తువు పైన అతికించే) బొమ్మ దొరకలేదని అర్థం. మీ డి డ్రైవు చిరునామా ఫైలులో ఉండిపోయి ఉంటుంది. ఫైళ్ల దారులన్నిటినీ రిలేటివ్‌గా, అంటే బ్లెండర్ ఫైలు ఉన్న చోటు నుంచి లెక్కించేలా, మార్చండి. అన్నిటిలోనూ బ్లెండర్ ఒకే వెర్షన్ ఉండాలి. పని పంచడానికి బ్లెండర్ వారి ఫ్లమెంకో అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది.

జవాబు 2 (రాయగడ నుంచి):
ఆరు యంత్రాలకు ఫ్లమెంకో లేకపోయినా గడుస్తుంది. అన్నిటిలో ఒకే ఫైలు తెరిచి, అవుట్‌పుట్ సెట్టింగుల్లో ఓవర్‌రైట్ (ఉన్న ఫైలు మీదే మళ్లీ రాయడం) తీసేసి, ప్లేస్‌హోల్డర్స్ పెట్టండి. ఒక యంత్రం ఏదైనా ఫ్రేము మొదలుపెట్టగానే షేర్డ్ ఫోల్డరులో ఆ పేరుతో ఖాళీ ఫైలు పడుతుంది, మిగిలినవి దాన్ని దాటి తరువాతి దానికి వెళ్తాయి. వీడియోగా కాక విడి బొమ్మలుగానే తీయండి. కరెంటు పోయినా అప్పటిదాకా చేసింది నిలుస్తుంది. కరెంటు పోయిన క్షణంలో సగంలో ఉన్న ఫ్రేములు మాత్రం సున్నా బైట్ల ఫైళ్లుగా మిగిలిపోతాయి. వాటిని తొలగించకపోతే అవి ఎప్పటికీ రెండర్ కావు, పూర్తయిన వీడియోలో రైలు అక్కడక్కడ మాయమవుతుంది. నాకు అలాగే జరిగింది.

ఇంకొకటి. ఒక్కో యంత్రం 250 వాట్లు లాగుతుందనుకున్నా ఆరింటికి 1,500 అవుతుంది. మామూలు ఆరు ఆంపియర్ల సాకెట్టు 1,380కి మించి మోయదు, కాబట్టి ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు అన్నీ తగిలించకండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. పొగ బేక్ అవుతోంది. దారులు మార్చాక పెట్టెలు సరైన రంగులోనే వచ్చాయి. మూడు యంత్రాలను పక్క గదిలోని సాకెట్టుకు మార్చాను.