షుగర్ ఉండి పిల్లల కోసం ప్లాన్ చేసినవాళ్లు ఒకసారి చెప్పండి

గుంటూరు_కోడలు:
నాకు 29. రెండేళ్లుగా టైప్ 2, మెట్‌ఫార్మిన్ వాడుతున్నా. మొన్న హెచ్‌బిఎ1సి (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 8.6 వచ్చింది. డాక్టరమ్మ అది దిగేదాకా ఆగమన్నారు. మా అత్తయ్యేమో "కడుపొచ్చాక మందులు వేసుకోవచ్చులే, ఆలస్యం దేనికి" అంటున్నారు. ఎవరైనా అలా ఆగారా?

విశాఖ_టైప్1:
ఆగండి. నాకు పన్నెండేళ్లప్పటి నుంచి ఇన్సులిన్. బిడ్డ వెన్ను, గుండె రూపు కట్టేది నెల తప్పిన కొద్ది వారాల్లోనే. నేను పట్టీ మీద రెండో గీత చూసేసరికే ఆరో వారం. వెన్ను మూసుకునే పని దాదాపు అప్పటికే అయిపోతుందట. షుగర్ దించడం అప్పుడు మొదలుపెడితే ఆ పనికి ఆలస్యమైపోయినట్టే కదా?
వీలైతే 6.5 లోపు ఉండాలన్నారు. 7.9 నుంచి 6.4కి రావడానికి నాకు ఐదు నెలలు పట్టింది. నెల తప్పకముందు నుంచే 5 ఎంజీ ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు, 12 వారాల దాకా. తర్వాత టిఫా (బిడ్డ అవయవాలు చూసే స్కాన్), ఫీటల్ ఎకో (కడుపులో బిడ్డ గుండె చూసే స్కాన్). ఎకోలో డాక్టరుగారు మాట్లాడకుండా ప్రోబ్ ఒకేచోట ఆపేసరికి నా చేతులు చల్లబడిపోయాయి. బాబు చెయ్యి అడ్డం పెట్టాడట, అంతే!

కరీంనగర్_అక్క:
చెల్లే, నాకైతే షుగరున్న ముచ్చటనే తెల్వది. మూడో నెలల చూపిచ్చుకుంటే 9.4 అచ్చింది. పాప పుట్టినంక గుండెల రంధ్రమన్నరు. గ్రహణం నాడు బయటికి పోయినవని ఇంట్ల అందరు నన్నే అన్నరు. నేను ఆ దినం కత్తిపీట ముట్టిన సంగతి గూడ ఒక ముసలామె యాది చేసింది.
డాక్టర్ సార్ మాత్రం, షుగర్ లేనోళ్లల్ల గూడ నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఏదో ఒక లోపం ఉంటదని, ముందునుంచి షుగరుండి అదుపుల లేకుంటే అది రెండు మూడు రెట్లు అయితదని చెప్పిండు. నీ బిడ్డకు దీనితోనే అచ్చిందని చెప్పలేనమ్మా అన్నడు. ఆ రాత్రి కొంచెం నిద్రపట్టింది.
రెండో ఏట ఆరోగ్యశ్రీల ఆపరేషన్ అయింది. ఎద మీద గీత చూపిచ్చి "నా జిప్పు" అంటది.

డల్లాస్_చిన్నారి_అమ్మ:
అక్కా, నాకు షుగర్ 26వ వారంలో బయటపడింది. మొదట్లో చేసిన టెస్టులో నార్మలే. ఇదంతా చదివి గుండె దడ.

విశాఖ_టైప్1:
మీది వేరమ్మా. 26వ వారానికి అవయవాలన్నీ ఏర్పడే ఉంటాయి. మీకు చూసుకోవాల్సింది బిడ్డ బరువు మరీ పెరగకుండా. పుట్టగానే పాప షుగర్ పడిపోవచ్చు, మడమ గుచ్చి చూస్తారు. బుజ్జి కాలికి నాలుగు పోట్లు పడితే కంగారు పడకండి.

ల్యాబ్_తమ్ముడు:
ఒక్క మాట. రక్తం తక్కువున్నవాళ్లలో హెచ్‌బిఎ1సి తప్పుదారి పట్టిస్తుంది. గ్లూకోమీటర్ రీడింగులు కూడా రాసుకెళ్లండి. బీపీకి రామిప్రిల్, టెల్మిసార్టాన్, కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ వాడుతుంటే ఇప్పుడే చెప్పేయండి, మారుస్తారు. సొంతంగా మాత్రం ఆపొద్దు.

గుంటూరు_కోడలు:
కరీంనగర్ అక్క రాసింది అత్తయ్యకి చదివి వినిపించా. ఏమీ అనలేదు. రాత్రి నా కంచంలో అన్నం ఒక గరిటె తగ్గించి, దొండకాయ వేపుడు ఎక్కువ వేశారు. అది సరే, పొద్దున టిఫిన్ ఏం తింటున్నారు? పెసరట్టుకి పర్లేదు గానీ, మూడు ఇడ్లీలకే నాకు 190 దాటుతోంది.