మూడో వంతు అడవి: ఈ లక్ష్యం ఉంచుదామా, తీసేద్దామా?

గడ్డిపరక:
దేశ భూభాగంలో కనీసం మూడో వంతు అడవి గానీ చెట్లు గానీ ఉండాలని 1988 జాతీయ అటవీ విధానం చెబుతుంది. కొండ ప్రాంతాల్లో అయితే మూడింట రెండు వంతులు. 1952 విధానంలోనూ మూడో వంతు మాటే ఉంది. అంటే డెబ్బై ఏళ్లుగా ఒకే అంకె వెంట పడుతున్నాం. 2023 అటవీ స్థితి నివేదిక ప్రకారం ఇప్పుడు 25.17 శాతం దగ్గరున్నాం. అందులో అడవి 21.76, మిగతాది దాని బయటి చెట్లు.

నా పేచీ దేన్ని లెక్కపెడుతున్నారన్న దానితోనే. హెక్టారు, ఆపైన ఉన్న ఏ నేలలోనైనా పదో వంతు మేర చెట్ల కొమ్మలు కప్పి ఉన్నట్టు ఉపగ్రహానికి కనిపిస్తే చాలు, అది అడవి ఖాతాలో పడుతుంది. భూమి ఎవరిది, చెట్టు ఏ జాతిది అన్న ప్రశ్నే లేదు. మామిడి తోట అడవే. కొబ్బరి తోట అడవే. రోళ్లపాడు గడ్డినేల మాత్రం కాదు. బట్టమేకపిట్టకు కావలసింది సరిగ్గా ఆ చెట్లు లేని నేలే! లక్ష్యం కోసం అలాంటి చోట గుంతలు తవ్వితే అడవి పెరిగిందని రాసుకుంటాం, పిట్ట ఉన్న చోటు పోతుంది. అయినా అరుణాచల్‌నీ రాజస్థాన్‌నీ కలిపి ఒక్క సగటు తీసి ఏం తెలుసుకుంటాం? నన్నడిగితే ఈ 33ని తీసేయాలి.

పాతబీటు:
గడ్డిపరక గారూ, లెక్క తప్పులతడకే, ఒప్పుకుంటాను. ముప్పై ఏళ్లు అడవి పనిలోనే ఉన్నాను. కానీ అంకె తీసేయమనకండి. రోడ్డుకో గనికో అడవి భూమి కావాలని ఫైలు వస్తుంది. అవతలివాళ్ల దగ్గర బోలెడు అంకెలు ఉంటాయి: ఇన్ని ఉద్యోగాలు, ఇన్ని కోట్లు. మా వైపు నుంచి "అక్కడ అడుగు మొక్కలు బాగా వస్తున్నాయి, చెలమలో ఎండాకాలం కూడా నీరుంటుంది" అని రాస్తే ఎవరూ చదవరు. "ఈ జిల్లా ఇప్పటికే లక్ష్యానికి ఇంత తక్కువ" అని రాస్తే కనీసం ఒకసారి ఆగి చూస్తారు. మొద్దు కత్తే, నిజమే. అయినా చేతిలో ఉన్నది అదొక్కటే.

సరుగుడు:
మొద్దు కత్తి మనకే తెగుతోంది కదా సార్.

జామాయిల్_రైతు:
నా తోటను అడవి అనమని నేనెవర్నీ అడగలేదండీ :) కాకపోతే తోటలంటే అంత చులకన వద్దు. ఒకప్పుడు పేపర్ మిల్లులకు వెదురు అడవి నుంచే వెళ్లేది, అదీ కారుచౌకగా. ముడిసరుకును రైతులతో పండించుకోండని పరిశ్రమలకు చెప్పింది ఈ 1988 విధానమే. ఇవాళ ఖమ్మం, ప్రకాశం వైపు జామాయిల్, సుబాబుల్ ఎక్కువగా మిల్లులకే పోతాయి. కోసిన మొదలు నుంచే మళ్లీ పిలకలు వస్తాయి, వాటిలో ఒకటి రెండు ఉంచి మిగతావి తీసేస్తాం, నాలుగైదేళ్లకు మళ్లీ కోత. మీ పిల్లల నోటుపుస్తకం ఇలాంటి పొలంలోంచే వచ్చి ఉండొచ్చు. ఆ మేరకు అడవి మీద గొడ్డలి పడలేదు. విధానం పనిచేయలేదంటే ఎలా?

లెక్కల_పంతులు:
రైతు గారూ, మీ తోట మంచిదే. చిక్కు దాన్ని అడవితో కలిపి కూడటంలో ఉంది. ఒకచోట వందల ఏళ్ల అడవి పోయి, ఇంకోచోట అంతే విస్తీర్ణంలో జామాయిల్ వస్తే నివేదికలో నికరం సున్నా. ఎవరికీ ఏమీ పోయినట్టు కనపడదు. గ్రేట్ నికోబార్‌నే చూడండి. ప్రాజెక్టు కోసం సుమారు 130 చదరపు కిలోమీటర్ల వానాటవిని మళ్లిస్తూ, బదులుగా మొక్కలు హర్యానాలో నాటుతామన్నారు. సముద్రం మధ్య దీవిలో అడవికి ఆరావళి పక్కన మొక్కలు ఎలా బదులవుతాయో నాకు ఏ ఫార్ములాలోనూ దొరకలేదు.

నా సలహా ఏమిటంటే, నివేదికలోనే అడవిని వేరుచేసి చూపిస్తారు కదా, కొమ్మల కప్పు 70 శాతం, ఆపైన ఉంటే చాలా దట్టం, 40–70 ఓ మాదిరి, 10–40 పలచన అని. చాలా దట్టమైనది దేశంలో మూడు శాతం పైచిలుకే. లక్ష్యమేదో దానికి పెట్టండి.

పాతబీటు:
పంతులు గారూ, ఆ కొలతతో నల్లమల మొత్తం నష్టపోతుంది. అక్కడ చాలా భాగం ఎండు ఆకురాల్చే అడవి. ఎంత ఆరోగ్యంగా ఉన్నా 70 దాటడం కష్టం. మార్చిలో వెళ్తే ఆకంతా కిందే ఉంటుంది, నడిస్తే అప్పడాలు విరిచినట్టు చప్పుడు. చూడ్డానికి ఎండిపోయినట్టుంటుంది, పులులు తిరిగేది మాత్రం అక్కడే. దట్టంగా ఉన్నదే గొప్పదన్నారంటే రేపు అక్కడ కూడా ఏదో ఒకటి నాటి "మెరుగుపరిచాం" అంటారు.

ఇప్పపూలు:
ఇంతసేపూ అందరూ పైనుంచే చూస్తున్నారు. కింద ఉండేవాళ్లు ఈ థ్రెడ్‌లోకి ఇంకా రానేలేదు.

మహారాష్ట్రలోని గడ్చిరోలిలో మెండా-లేఖా అనే గోండు ఊరుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2009లో ఆ ఊరికి దాదాపు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు వచ్చింది. హక్కు వచ్చినా వెదురు అమ్ముకోవడానికి ఇంకో రెండేళ్లు కొట్లాడారు. వెదురు శాస్త్రంలో గడ్డి, 1927 అటవీ చట్టంలో మాత్రం 2017 దాకా చెట్టే! 2011లో రవాణా పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతికి వచ్చింది. ఏ గుట్ట మీద ఈ ఏడు కొట్టాలి, ఏది వదలాలి అన్నది వాళ్లే కూర్చుని తేల్చుకుంటారు. అడవి బతికితే తమకు డబ్బు అని తెలిసిన ఊరికి శాతాలతో పనేముంది?

పాతబీటు:
మెండా సంగతి సరే. వన సంరక్షణ సమితుల కాలంలో నేను తిరిగిన ఊళ్లలో నిధులున్నంత కాలం మీటింగులు, సంతకాలు. అవి అయిపోగానే కాపలా కూడా అయిపోయింది. పోడు కొట్టే చేతులూ ఆ ఊరివే. గ్రామసభ అనగానే అన్నీ సర్దుకుంటాయనుకోవడం చూసినవాళ్లు అనే మాట కాదు.

ఇప్పపూలు:
ఆ సమితులు ప్రభుత్వ ఉత్తర్వుతో పుట్టాయి సార్. అడవి శాఖదే, ఊరికి మిగిలింది కాపలా, కొంత వాటా. ఇంకొకరి సొమ్ముకు జీతం లేని వాచ్‌మన్‌గా ఎన్నాళ్లుంటారు? 2006లో వచ్చింది చట్టం. ఒక అధికారి బదిలీ అయితే పోయేది కాదు. పోడు మాట కూడా అన్నారు కాబట్టి, ఆ చట్టంలో సాగు హక్కుకు 2005 డిసెంబర్ 13 గడువు, గరిష్ఠంగా నాలుగు హెక్టార్లు అని రాసే ఉంది. ఆ తర్వాత కొట్టిన పోడును నేనూ వెనకేసుకు రాను.

గడ్డిపరక:
మొదటి పోస్టులో తీసేయమన్నాను. పాతబీటు గారి ఫైలు సంగతి విన్నాక కొంచెం తగ్గాను. అంకె ఉండనివ్వండి, కానీ ఒకటి కాదు, మూడు వేర్వేరు ఖాతాలు కావాలి. సహజ అడవి ఒకటి, తోటలు ఒకటి, గడ్డినేలలు ఒకటి. ఒక ఖాతాలో పోయింది ఇంకో ఖాతాలో చూపించి సరిపెట్టకూడదు. పాతబీటు గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. ఉపగ్రహం సంగతి అలా ఉంచి, నాటిన చోటికి మనిషి వెళ్లి చూస్తే ఆ లెక్కయినా నమ్మొచ్చా?

పాతబీటు:
ఎవరు వెళ్లారన్నదాన్ని బట్టి. ఒకసారి ఒక ప్లాంటేషన్ తనిఖీకి వెళ్లాం, ఏ ఊరో చెప్పను. రిజిస్టరులో వరస తప్పకుండా మొక్కలన్నీ బతికే ఉన్నాయి. నేల మీద చూస్తే ఎండు పుల్లలు. అనుమానం వచ్చి ఒకదాన్ని పట్టుకుని లాగాను. నర్సరీ నల్ల సంచితో సహా ఊడి వచ్చింది. సంచి చింపకుండానే పాతేశారు. లోపల వేర్లు బయటికి దారి లేక సంచి చుట్టూనే తిరిగి తాడులా ముడిపడి ఉన్నాయి. ఆ వరసలో ఇంకో పది లాగాం, పదీ అంతే. ఆ రోజు జీపు దిగింది నేనూ, నాతో వచ్చినవాళ్లలో ఇంకొకరూ, అంతే.