అప్‌డేట్: ఆ నీలి చేప ఏదో తేలింది

మా పటమట ఇంట్లో ఉప్పునీటి ట్యాంకులో ఉన్న తెల్లగీతల నీలి చేప పిల్ల ఎంపరర్ ఏంజెల్‌ఫిష్షా, కొరాన్ ఏంజెల్‌ఫిష్షా (పిల్లలప్పుడు ఒకేలా కనిపించే రెండు సముద్రపు చేప జాతులు) అని ఇంతకుముందు పోస్టులో అడిగాను కదా. ఎంపరరే! తోక దగ్గర తెల్లగీత గుండ్రంగా చుట్టుకుని సున్నాలా మూసుకుంది. కొరాన్ పిల్లకు వంపు గీతలే ఉంటాయి, సున్నా పడదు. ఇప్పుడు మావాడికి పక్కల మీద పసుపు చారలు సన్నగా లేస్తున్నాయి. పెద్దయ్యాక ఒళ్లంతా అవే, కళ్లకు నల్ల ముసుగు కూడా. లక్షద్వీప్ పగడపు దిబ్బల్లోనూ ఉండే ఈ జాతి స్పాంజీలు కొరుక్కు తింటూ 40 సెంటీమీటర్ల దాకా పెరుగుతుందట. అమ్మినాయనేమో "అరచెయ్యి దాటదండీ" అన్నాడు! మాది మూడడుగుల ట్యాంకు. పెద్ద ట్యాంకున్న గుంటూరు ఫ్రెండ్ తీసుకుంటానన్నాడు. ఇక మా పాప ఒప్పుకోవాలి, అదే టెన్షన్.