మేడిపండు పద్యంలోని ‘పురుగులు’

ప్రశ్న: “మేడిపండు చూడ మేలిమై యుండు, పొట్ట విప్పి చూడ పురుగులుండు” అన్న వేమన పద్యానికి ‘పండు లోపల కుళ్ళి పురుగులు పట్టి ఉంటుంది’ అని తాత్పర్యం చెప్పడం తరచుగా వింటున్నాను. పద్యంలో కుళ్ళు అన్న మాటే లేదు కదా. ఈ అర్థం చెల్లుతుందా? పెద్దలు వివరించగలరు.

జవాబు: చెల్లదండీ. కుళ్ళు పద్యంలోనూ లేదు, మేడిపండులోనూ లేదు. పురుగు అనగానే పుచ్చిపోయిన కాయ మనసులో మెదులుతుంది కాబట్టి, తాత్పర్యం చెప్పేవారు ఆ ఊహను మేడికి కూడా అంటగట్టారు. పుచ్చిన కాయను పురుగు పాడుచేస్తుంది. మేడిలో మాత్రం ఆ పురుగు రాకపోతే గింజే పట్టదు.

మేడి, మర్రి, రావి, జువ్వి అన్నీ ఫైకస్ అనే ఒకే ప్రజాతికి చెందిన చెట్లు. ఈ ప్రజాతిలో సుమారు 800 జాతులు ఉన్నాయి, వాటిలో దేనికీ పువ్వు బయటికి కనిపించదు. మనం కాయ అంటున్నది నిజానికి లోపలికి ముడుచుకొన్న పూగుత్తి. దాని గోడకు లోపలివైపు సన్నని పూలు కిక్కిరిసి ఉంటాయి, నడుమ బోలుగా ఉంటుంది. కవి ‘కోసి’ అనక ‘పొట్ట విప్పి’ అనడంలోని పొందిక చూడండి: ఈ పండుకు నిజంగానే పొట్ట ఉంది.

కాయ కొనన పొలుసులతో మూసుకొన్న చిన్న రంధ్రం ఉంటుంది. సుమారు రెండు మిల్లీమీటర్ల పొడవుండే ఆడ కందిరీగ, మరొక చెట్టు పుప్పొడిని మోసుకొని, రెక్కలు విరిగిపోతున్నా లెక్కచేయకుండా ఆ ఇరుకు దారిన లోపలికి దూరుతుంది. పొట్టి కీలం (పువ్వులో గింజ పట్టే భాగం మీది సన్నని కాడ) ఉన్న పూలలో గుడ్లు పెడుతుంది. పొడుగు కీలం ఉన్న పూలు దాని గుడ్లకు అందవు గనుక అవి పుప్పొడి అందుకొని గింజ కడతాయి. కొన్ని వారాలకు ముందుగా రెక్కలు లేని మగవి బయటపడి, ఆడవాటితో కలిసి, గోడకు సొరంగం తొలిచి, చాలావరకు ఆ పండులోనే చనిపోతాయి. ఆడవి పుప్పొడితో ఎగిరిపోతాయి. పండిన మేడిని విప్పితే కనబడే పురుగులలో ఎక్కువ భాగం ఈ కందిరీగలే.

ఎగిరిన ఆడ కందిరీగ బ్రతికేది ఒకటి రెండు రోజులు. అంతలో దానికి సరైన దశలో ఉన్న కాయ దొరకాలి; కాబట్టి ఈ జాతి చెట్లన్నీ ఒకే ఋతువులో కాయకుండా, ఒక్కొక్కటి ఒక్కొక్క కాలంలో కాస్తాయి. అడవిలో తక్కిన పండ్లు లేని నెలలలో కూడా గబ్బిలాలకు, కోతులకు, పావురాలకు ఆహారం దొరకడానికి కారణం ఇదే. అంత పెద్ద ఉపకారం ఇంత అల్పజీవి ఆయుష్షు మీద ఆధారపడి ఉండటం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

మన పూర్వులకు ఈ సంగతి కొంత తెలుసు. అమరకోశం మేడికి “ఉదుంబరో జంతుఫలో యజ్ఞాంగో హేమదుగ్ధకః” అని పర్యాయపదాలు చెప్పింది. జంతుఫలం అంటే ప్రాణులున్న పండు. అందులో నింద లేదు. పువ్వు లేకుండా కాసే చెట్టుకు వనస్పతి అనే పేరునూ ఆ నిఘంటువు చెప్పింది.

ఇక పద్యానికి వస్తే, మూడవ పాదం “పిరికివాని మదిని బింక మీలాగురా”. పైకి కనబడే బింకం వేరు, లోపల ఉన్నది వేరు అన్నంతవరకే పోలిక. దానికి పండు చెడిపోనక్కర లేదు.

మరొక ప్రశ్న: బొమ్మమేడి, అంజూర కూడా ఇదే ప్రజాతివి కదా, వాటికీ ఈ పోలిక వర్తిస్తుందా?

జవాబు: అంతగా వర్తించదు. బొమ్మమేడిలో ఆడ చెట్లు, మగ చెట్లు వేరు. ఆడ చెట్టు కాయలోని పూలన్నింటికీ కీలం పొడుగు గనుక, లోపలికి వెళ్ళిన కందిరీగ పుప్పొడి అందించగలదే గాని సంతానం కనలేదు. దాని పిల్లలు పెరిగేది మగ చెట్టు కాయలలోనే. సాగులో ఉన్న అంజూర రకాలలో చాలావాటికి పరాగసంపర్కమే అక్కర లేదు. అందువల్ల పద్యంలోని మేడిని అత్తి అని కూడా పిలిచే మేడిగానే, అంటే ఫైకస్ రెసిమోసాగానే గ్రహించడం ఉచితం.